అసాయే ఏనుగు, డ్యూరాండ్ కప్పు

నీలగిరుల్లో కూనూరు పక్కన వెల్లింగ్టన్ అనే చిన్న ఊరుంది. మన సైన్యంలోని మద్రాస్ రెజిమెంట్ కేంద్రం అక్కడే. ఆ రెజిమెంట్ జవాను టోపీకి ఉండే బిళ్లను దగ్గరికి తీసుకుని చూస్తే ఒక డాలు, రెండు కత్తులు, ఒక ఏనుగు కనబడతాయి. స్కాట్లాండ్‌లో హైలాండ్ లైట్ ఇన్‌ఫెంట్రీ అనే పాత పటాలం ఉండేది. దాని బిళ్ల నక్షత్రం ఆకారంలో ఉంటుంది. నక్షత్రం మధ్యలో బూరా, పైన కిరీటం, అడుగున చిన్న పట్టీ మీద 'అసాయే' అన్న అక్షరాలు, ఆ పట్టీ కింద గోరంత ఏనుగు. మధ్యలో సముద్రాలున్న రెండు పటాలాలు ఒకే ఏనుగును తలకెక్కించుకోవడానికి కారణముంది. 1803 సెప్టెంబరు 23న, ఇవాళ మహారాష్ట్రలో ఉన్న అసాయే అనే పల్లె దగ్గర, మరాఠాల మీద ఆర్థర్ వెల్లెస్లీ నడిపిన సైన్యంలో తర్వాత హైలాండ్ లైట్ ఇన్‌ఫెంట్రీలో భాగమైన 74వ హైలాండర్లు, మద్రాసు సిపాయిల బెటాలియన్లు పక్కపక్కన పోరాడాయి. 74వ పటాలం ఆఫీసర్లలో దాదాపు అందరూ ఆ ఒక్క రోజున చనిపోవడమో గాయపడడమో జరిగింది. తర్వాత అటు స్కాట్లాండ్ వాళ్లకూ ఇటు మద్రాసు బెటాలియన్లకూ ఏనుగు గుర్తు దక్కింది.

ఈ రెండు ఏనుగులు మళ్లీ ఒకచోట కలుస్తాయి. అది డ్యూరాండ్ కప్పు విజేతల జాబితా. హైలాండ్ లైట్ ఇన్‌ఫెంట్రీ పేరు అందులో 19వ శతాబ్దం చివర ఐదుసార్లు ఉంది. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ పేరు 1955లో ఒకసారి, 1958లో ఒకసారి ఉంది.

మన దేశంలో ఫుట్‌బాల్ చరిత్ర గురించి మాట్లాడేటప్పుడు, కప్పు పోటీలను మనకు నేర్పింది స్కాట్లాండ్ సోల్జర్లేనని చాలామంది అంటారు. చెన్నైలో స్కాట్లాండ్ జాడలు అడుగడుగునా ఉన్నాయి కాబట్టి ఈ మాట ఇక్కడ ఇంకా సులభంగా చెల్లుబాటవుతుంది. ఐలాండ్ మైదానం దగ్గర జీను లేని గుర్రం మీద కూర్చున్న థామస్ మన్రో విగ్రహం ఉంది. మన దత్త మండలాల కలెక్టరు, పత్తికొండ దగ్గర కలరాతో పోయిన ఆ మన్రో పుట్టింది గ్లాస్గోలోనే. ఎగ్మూరులో 1821 నాటి సెయింట్ ఆండ్రూస్ చర్చిని పాతవాళ్లు ఇప్పటికీ కిర్క్ అనే పిలుస్తారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ స్కాట్లాండ్ మిషనరీలు 1837లో పెట్టిన బడి నుంచి ఎదిగింది. ఇన్ని ఉన్నాయి కదా, ఫుట్‌బాల్ కూడా వాళ్ల చలవేనని అనేయడానికి నోరు ఊరుతుంది. కానీ చర్చి, కాలేజీ, విగ్రహం ఉన్నంత మాత్రాన గోలుపోస్టులు కూడా వాళ్లే పాతారని తేలదు. తేల్చుకోవాలంటే ముందు కప్పు పోటీ ఎక్కడ, ఎలా మొదలైందో చూడాలి.

1871 జులై 20న లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి చార్లెస్ ఆల్కాక్ ఒక ప్రతిపాదన తెచ్చాడు. క్లబ్బులన్నీ ఒక కప్పు కోసం పోటీ పడాలి, ఓడిన జట్టు ఇంటికి పోవాలి. తాను చదువుకున్న హారో స్కూల్లో హాస్టళ్ల మధ్య అలాంటి ఆట జరిగేది. అదే ఎఫ్‌ఏ కప్పు అయింది. కప్పు ఖరీదు 20 పౌండ్లు. గ్లాస్గో నుంచి క్వీన్స్ పార్క్ క్లబ్బు అందులోకి ఒక గినీ చందా పంపింది. ఆ క్లబ్బు పుట్టింది 1867లో. పోటీలో చేరినవి పదిహేను జట్లు.

ఆ మొదటి పోటీని ఇవాళ్టి కళ్లతో చూస్తే నవ్వొస్తుంది. క్వీన్స్ పార్క్ ఒక్క ఆట కూడా ఆడకుండానే సెమీఫైనల్‌కు చేరింది. మొదటి రౌండులో దానికి జతపడిన డానింగ్టన్ స్కూల్ జట్టుకూ దానికీ మధ్య ప్రయాణం కుదరలేదు, ఇద్దరినీ పైకి పంపించారు. రెండోసారి డానింగ్టనే తప్పుకుంది. మూడోసారి బై, అంటే ఎదురు జట్టు లేకుండానే ముందుకు. ఇంకోపక్క వాండరర్స్, క్రిస్టల్ ప్యాలెస్ గోలు లేకుండా సమంగా ముగిస్తే, రెండు జట్లూ ముందుకెళ్లాయి. ఓడితే ఇంటికే అనే పోటీ కాస్తా ఓడకపోతే ఇద్దరూ రండి అన్నట్టు తయారైంది.

1872 మార్చి 5న లండన్ ఓవల్ మైదానంలో క్వీన్స్ పార్క్, వాండరర్స్ ఎదురుపడ్డాయి. గ్లాస్గో కుర్రాళ్లు చందాలు పోగుచేసుకుని రైలెక్కి వచ్చారు. అప్పటి మైదానం ఇప్పటిలా ఉండేది కాదు. గోలుపోస్టుల మధ్య అడ్డంగా కర్ర బదులు పట్టీ కట్టేవాళ్లు. గోలు పడ్డప్పుడల్లా జట్లు అటూ ఇటూ మారేవి. పెనాల్టీ కిక్ అన్న మాటే పుట్టలేదు, అది 1891లో వచ్చింది. ఆట సున్నా సున్నాతో ముగిసింది. మళ్లీ ఆడాలంటే లండన్‌లో ఆగాలి. ఆగితే బస ఖర్చు, తిండి ఖర్చు, పని మానేసిన రోజుల కూలి. చేతిలో డబ్బు లేదు. క్వీన్స్ పార్క్ ఓడకుండానే తప్పుకుంది. పదకొండు రోజుల తర్వాత వాండరర్స్ రాయల్ ఇంజనీర్స్ సైనిక జట్టును 1-0తో ఓడించి మొదటి కప్పు తీసుకుపోయింది. 1873లోనూ క్వీన్స్ పార్క్ ప్రయాణ ఖర్చు భరించలేక పోటీ నుంచి తప్పుకుంది. ఆట విషయానికొస్తే, 1875 దాకా ఆ జట్టు గోలులోకి ఎవరూ బంతి పంపలేకపోయారు.

నాకౌట్ పోటీ గురించి రాసేవాళ్లు సాధారణంగా ఆటగాళ్ల ధైర్యం, చివరి నిమిషం గోల్స్ గురించి రాస్తారు. ఈ తొలి ఏళ్ల వివరాలు పక్కపక్కన పెడితే ఇంకోటి కనబడుతుంది. రైలు టికెట్టు ఎవరు కొంటారు? ఆట సమమైతే ఇంకొన్ని రోజులు ఎవరు పోషిస్తారు? ఇండియాలో స్కాట్లాండ్ పటాలాలు ఎందుకు అన్ని కప్పులు గెలిచాయో అర్థం చేసుకోవడానికి ఈ ప్రశ్నే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

1873 మార్చి 8న ఓవల్‌లో ఇంగ్లండ్, స్కాట్లాండ్ మధ్య రెండో అంతర్జాతీయ ఆట జరిగింది. మొదటిది 1872 నవంబరు 30న గ్లాస్గోలో గోల్స్ లేకుండా ముగిసింది. ఆ రోజు స్కాట్లాండ్ తరఫున దిగిన పదకొండు మందీ క్వీన్స్ పార్క్ వాళ్లే. రెండోసారి స్కాట్లాండ్ దగ్గర ఎనిమిది మందికి సరిపడా టికెట్ డబ్బులే ఉన్నాయి. మిగతా ముగ్గురిని లండన్ చుట్టుపక్కల ఉన్న స్కాట్లాండ్ మూలాల వాళ్లతో నింపారు. ఆ ముగ్గురిలో ఒకడు రాయల్ ఇంజనీర్స్ ఆఫీసరు హెన్రీ రెన్నీ టెయిల్యూర్. స్కాట్లాండ్‌కు చరిత్రలో మొదటి గోలు కొట్టింది అతనే. పుట్టింది మన ముస్సోరీలో. అదే ఆటలో ఇంగ్లండ్‌కు మొదటి అంతర్జాతీయ గోలు కొట్టినవాడు విలియం కెన్యన్ స్లేనీ. అతను పుట్టింది రాజ్‌కోట్‌లో. ఇంగ్లండ్ 4-2తో గెలిచింది. రెండు దేశాల మొట్టమొదటి గోల్స్ ఇండియాలో పుట్టిన ఇద్దరి కాళ్ల నుంచి వెళ్లాయి.

దీన్ని పట్టుకుని ఫుట్‌బాల్ ఇండియా నుంచే ఇంగ్లండుకు వెళ్లిందని ఎవరైనా వాట్సాప్‌లో తిప్పినా నేను ఆశ్చర్యపోను. ఆ ఇద్దరూ ఇక్కడ పుట్టారు, అంతే. వాళ్లు పెరిగిందీ ఆట నేర్చిందీ ఇంగ్లండులోని బడుల్లో. ఈ ఉదాహరణ చెప్పేది వేరే విషయం. ఆ కాలంలో స్కాట్లాండ్ ఆటగాడు అంటే ఎవరన్నదే తేలని సంగతి. లండన్‌లో పుట్టిన ఆర్థర్ కినైర్డ్ స్కాట్లాండ్‌కు ఆడాడు. డెమరారాలో పుట్టిన ఆండ్రూ వాట్సన్ అనే నల్లజాతి ఆటగాడు 1881లో స్కాట్లాండ్ కెప్టెన్‌గా ఇంగ్లండును 6-1తో ఓడించాడు. ఇంత దూరం ఎందుకు, చెన్నైయిన్ ఎఫ్‌సీని 2020లో ఐఎస్ఎల్ ఫైనల్‌కు నడిపించిన కోచ్ ఓవెన్ కోయిల్ పుట్టింది స్కాట్లాండ్‌లోని పైస్లీలో, అంతర్జాతీయ ఆట ఆడింది ఐర్లాండ్‌కు.

తర్వాతి పదిహేనేళ్లలో జరిగింది క్లుప్తంగా చెప్పుకోవచ్చు. బంతిని ఒక్కడే కాలితో తోసుకుంటూ పోయే ఇంగ్లండ్ పద్ధతి ఎదుట, ఒకరి నుంచి ఒకరికి అందిస్తూ కదిలే పద్ధతి స్కాట్లాండ్‌లో వృద్ధి చెందింది. 1874లో మొదటి స్కాటిష్ కప్పును క్వీన్స్ పార్కే గెలిచింది. లాంకషైర్ మిల్లు ఊళ్లు స్కాట్లాండ్ ఆటగాళ్లను పని పేరుతో రప్పించుకుని ఆడించాయి. 1878లో గ్లాస్గో దగ్గరి పార్టిక్ నుంచి ఫెర్గస్ సూటర్ డార్వెన్‌కు వెళ్లడం అందులో బాగా తెలిసిన ఉదంతం. జీతానికి ఆడడాన్ని 1885లో ఇంగ్లండ్ ఒప్పుకోక తప్పలేదు. ఓడితే ఇంటికే అన్న పద్ధతిలో క్లబ్బుకు వచ్చే వారం ఆట ఉంటుందో లేదో చెప్పలేం, జీతాలు మాత్రం ప్రతి వారం ఇవ్వాలి. ఈ చిక్కు విప్పడానికి 1888లో లీగ్ పద్ధతి పెట్టించినవాడు విలియం మెక్‌గ్రెగర్. అతనూ స్కాట్లాండ్ వాడే.

ఆ 1888లోనే సిమ్లా కొండల్లో డ్యూరాండ్ కప్పు మొదలైంది. ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దు గీతకు పేరిచ్చిన మార్టిమర్ డ్యూరాండే ఈ కప్పుకూ పేరిచ్చాడు. అప్పటికి ఆయన భారత ప్రభుత్వ విదేశాంగ కార్యదర్శి. మొదటి ఆటలు సిమ్లాలోని అన్నాడేల్ మైదానంలో జరిగాయని కొందరు, దగ్షాయి దండు మైదానంలో జరిగాయని కొందరు రాశారు. ఫైనల్‌లో ఎవరు ఆడారన్న దాంట్లో తేడా లేదు. రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ 2-1తో హైలాండ్ లైట్ ఇన్‌ఫెంట్రీని ఓడించింది. ఆసక్తి ఉన్నవాళ్ల కోసం చెప్తున్నాను, ఆ రెండు పటాలాలనూ 1959లో కలిపేసి రాయల్ హైలాండ్ ఫ్యూజిలియర్స్ అని పేరు పెట్టారు. మన దేశపు మొదటి ఫుట్‌బాల్ ఫైనల్‌లో ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరూ డెబ్భై ఏళ్ల తర్వాత ఒకే గొడుగు కిందికి చేరారు.

1888 నుంచి 1899 దాకా పన్నెండేళ్ల విజేతలను లెక్కపెడదాం. రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ ఒకసారి. హైలాండ్ లైట్ ఇన్‌ఫెంట్రీ 1889, 1890, మళ్లీ 1893 నుంచి 1895 దాకా వరసగా, మొత్తం ఐదుసార్లు. స్కాటిష్ బార్డరర్స్ 1891, 1892. బ్లాక్ వాచ్ 1897, 1898, 1899. స్కాట్లాండ్‌ది కాని పటాలం ఒక్క 1896లోనే గెలిచింది, అది సోమర్సెట్ లైట్ ఇన్‌ఫెంట్రీ. పన్నెండింటిలో పదకొండు. వరసగా మూడుసార్లు గెలిచినందుకు మొదటి కప్పును హైలాండ్ లైట్ ఇన్‌ఫెంట్రీ, రెండో కప్పును బ్లాక్ వాచ్ శాశ్వతంగా పట్టుకుపోయాయి. ఇంగ్లండులో వాండరర్స్ 1878లో ఇలాగే మూడోసారి వరసగా గెలిచి, ఇకమీదట ఎవరూ దీన్ని సొంతం చేసుకోకూడదన్న షరతుతో కప్పు తిరిగి ఇచ్చేసింది. సిమ్లా కొండల్లో అంత ఉదారత ఎవరికీ రాలేదు.

పదకొండు బై పన్నెండు అన్న లెక్క చూసి స్కాట్లాండ్ వాళ్లే నేర్పారన్న తీర్పు రాసేయవచ్చు. నేను రాయను. దానికి మూడు అడ్డంకులు కనబడుతున్నాయి.

అన్నిటికన్నా పెద్దది పేరు. పటాలం పేరులో స్కాట్లాండ్ ఉంటే అందులో మనుషులంతా స్కాట్లాండ్ వాళ్లని కాదు. స్కాటిష్ బార్డరర్స్‌నే తీసుకోండి. 1782 నుంచి 1805 దాకా ఆ పటాలం పేరు ససెక్స్ రెజిమెంట్. ససెక్స్ ఇంగ్లండు దక్షిణపు కొసన ఉంటుంది. తర్వాత కింగ్స్ ఓన్ బార్డరర్స్ అయింది. మధ్యలో స్కాటిష్ అన్న మాట చేర్చింది 1887లో, అంటే డ్యూరాండ్ కప్పుకు ఒక్క ఏడాది ముందు. 74వ పటాలం సంగతీ అంతే. కొండసీమ నుంచి కుర్రాళ్లు దొరకక 1809లో కొన్ని పటాలాల హైలాండర్ హోదా, గాగరా లాంటి కిల్టు తీసేశారు. వాటిలో 74వది ఒకటి, తర్వాత బ్లాక్ వాచ్‌లో రెండో బెటాలియన్ అయిన 73వది ఇంకొకటి. 74వదానికి ఆ హోదా తిరిగి వచ్చింది 1845లో. 71వ, 74వ పటాలాలు 1881లో కలిసి హైలాండ్ లైట్ ఇన్‌ఫెంట్రీ అయ్యాయి. పేరు కొండలది, మనుషుల్లో ఎక్కువమంది గ్లాస్గో వాడల నుంచి వచ్చినవాళ్లు. 1923లో ఆ పటాలం పేరుకు గ్లాస్గో నగరం పేరును కూడా తగిలించారు. ఈ చివరి ముక్క మాత్రం స్కాట్లాండ్ వాదానికి బలం. క్వీన్స్ పార్క్, రేంజర్స్, సెల్టిక్ పుట్టిన వాడల కుర్రాడు బారక్‌లో చేరితే కాళ్లలో బంతి ఉండడం సహజం. సహజమే గానీ, ఫలానా సోల్జరు ఫలానా క్లబ్బులో ఆడి వచ్చాడని పేరు పేరునా చూపించినప్పుడే అది రుజువు అవుతుంది.

ఇక రెండోది మకాం. 1888లో రైలు అంబాలా దాకే. కాల్కాకు 1891లో వచ్చింది, సిమ్లాకు కొండ రైలు 1903లో. దేశం నలుమూలల నుంచి జట్లు వచ్చి ఆడే వీలు ఆనాడు లేదు. సిమ్లా చుట్టూ దగ్షాయి, సబాథు, కసౌలీ, జుటోఘ్ లాంటి కొండ దండులున్నాయి. ఆ ఏడాది ఆ దండుల్లో ఎవరి మకాం ఉంటే పోటీ చాలావరకు వాళ్ల మధ్యే. గ్లాస్గో క్లబ్బు లండన్‌లో ఆగలేక తప్పుకుంది. సిమ్లా కొండల్లో పటాలాలు ఏళ్ల తరబడి ఉండేవి, బసా తిండీ సర్కారుది. ఆట సమమైతే మళ్లీ ఆడడానికి ఎవరి జేబూ తడుముకోనక్కర్లేదు. ఒక పటాలం మూడేళ్లు వరసగా గెలిచి, ఆ తర్వాత జాబితాలోంచి మాయం కావడంలో బదిలీల పాత్ర ఎంతో ఉండాలి.

మూడోది, మిగతా ఊళ్ల కప్పులు. బొంబాయిలో రోవర్స్ కప్పు 1891లో మొదలైంది, తొలి విజేత వూస్టర్‌షైర్ రెజిమెంట్. కలకత్తాలో ఐఎఫ్ఏ షీల్డు 1893లో మొదలైంది, తొలి విజేత రాయల్ ఐరిష్ రైఫిల్స్. ఒకటి ఇంగ్లండుది, ఒకటి ఐర్లాండుది. కలకత్తా ట్రేడ్స్ కప్పులో 1892లో శోభాబజార్ క్లబ్బు బెంగాలీ కుర్రాళ్లు ఈస్ట్ సర్రే పటాలాన్ని ఓడించారు. ఐఎఫ్ఏ షీల్డును 1908 నుంచి వరసగా మూడేళ్లు గోర్డన్ హైలాండర్లు గెలిచారన్నదీ నిజమే. ఆ తర్వాతి ఏడాదే, 1911లో, మోహన్ బగాన్ దాన్ని ఈస్ట్ యార్క్‌షైర్ పటాలం మీద గెలిచింది. మొత్తం మీద స్కాట్లాండ్ ముద్ర సిమ్లాలో గాఢంగా, కలకత్తాలో అప్పుడప్పుడు, బొంబాయి మొదట్లో పలచగా ఉంది. దేశమంతటికీ ఒకే కథ చెప్పడం కుదరదు.

కలకత్తా అన్నాక ఒక వెండి గిన్నె కథ చెప్పకుండా ముందుకు పోలేను. 1872లో క్రిస్మస్ రోజున కలకత్తాలో ఇంగ్లండ్ వాళ్లు ఒకవైపు, స్కాట్లాండ్, ఐర్లాండ్, వేల్స్ వాళ్లు ఒకవైపు నిలబడి రగ్బీ ఆడారు. ఆ ఊపులో పుట్టిన క్లబ్బు కొన్నేళ్లకే మూతబడింది. బ్యాంకులో మిగిలిన 270 వెండి రూపాయలను తీసి కరిగించి, నాగుపాము పిడులతో, మూత మీద ఏనుగుతో ఒక కప్పు చేయించి లండన్ పంపారు. ఎఫ్‌ఏ కప్పులాగా క్లబ్బుల మధ్య నాకౌట్ పోటీకి వాడాలన్నది వాళ్ల కోరిక. రగ్బీ పెద్దలు ఒప్పుకోలేదు. అది 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లాండ్ జట్ల మధ్య ఆటకే బహుమతి అయింది. దాని పేరు ఇప్పటికీ కలకత్తా కప్పు. ఏనుగు ఇక్కడ కూడా తొంగి చూసింది, అయితే ఇది అసాయే ఏనుగు కాదు.

మద్రాసు సంగతికొద్దాం. డ్యూరాండ్ తొలి విజేతల్లో రెండు పటాలాల పాత కథలు దక్షిణాదితో ముడిపడ్డాయి. 71వ పటాలంగా మారిన మెక్లౌడ్ హైలాండర్లు 1780 జనవరిలో మద్రాసులో దిగారు. అదే నెలలో గ్లాస్గో కుర్రాడు మన్రో కూడా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా ఇక్కడ అడుగుపెట్టాడు. ఆ ఏడాది కాంచీపురం దగ్గర పొల్లిలూరులో హైదర్, టిప్పు చేతిలో కంపెనీ సేన చిత్తయినప్పుడు ఈ హైలాండర్లలో కొన్ని కంపెనీలు పట్టుబడ్డాయి. కర్ణాటిక్, షోలింగూరు అన్న యుద్ధ గౌరవాలు ఆ పటాలం జెండా మీద ఉండేవి. షోలింగూరు మన చిత్తూరు సరిహద్దుకు కూతవేటు దూరం. 74వ పటాలాన్ని 1787లో ఇండియా కోసమే లేవదీశారు. శ్రీరంగపట్నం ముట్టడిలో అదీ, బ్లాక్ వాచ్ రెండో బెటాలియన్‌కు పూర్వీకులైన 73వ పటాలమూ పోరాడాయి. అంటే ఫుట్‌బాల్ కప్పుల మీద చెక్కిన పేర్లకు కీర్తి తెచ్చిన నేల ఈ దక్షిణాదే. కప్పు మాత్రం ఉత్తరాన కొండల్లో ఆడారు.

ఎందుకలా? 1857 తర్వాత తెల్ల పటాలాల బలగం ఎక్కువగా ఉత్తరాన, పంజాబు సరిహద్దుల వైపు చేరింది. సిమ్లా 1864 నుంచి వేసవి రాజధాని. వైస్రాయి, సైన్యాధిపతి, వాళ్ల వెంట ఆఫీసర్లు, మేమ్‌సాబులు, మూడు పూటలా తీరిక. మద్రాసు ప్రభుత్వం వేసవిలో ఊటీ చేరేది, తెల్ల సైనికులకు వెల్లింగ్టన్ బారకులుండేవి. కానీ కొన్ని పటాలాలు దగ్గర దగ్గరలో ఉండే సిమ్లా వాతావరణం వేరు. 1895లో విడి మద్రాసు సైన్యం అన్న ఏర్పాటే రద్దయింది.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. ఐఎఫ్ఏ షీల్డు మొదలైన 1893లోనే బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన పూర్తయింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన మీదుగా రైళ్లు నడిచింది 1900లో. అప్పటిదాకా కోస్తా దారిన కలకత్తాకు పోవాలంటే గోదావరి ఒడ్డున రైలు దిగి రేవు దాటాల్సిందే. పదకొండు మంది, పెట్టెలు, బూట్లతో రేవు దాటి, కలకత్తా చేరి, మొదటి రౌండులోనే ఓడి వెనక్కి రావడానికి ఏ క్లబ్బు చందా వేసుకుంటుంది? ఈ వాదన నాకు నచ్చింది. అయినా దాని మీద ఎక్కువ బరువు పెట్టలేను. ఎందుకంటే బొంబాయి, మద్రాసు రైలు మార్గాలు 1871లోనే రాయచూరు దగ్గర కలిశాయి. రోవర్స్ కప్పుకు పోవడానికి నదులేమీ అడ్డం లేవు. దూరం ఒక కారణమే గానీ, అదొక్కటే కారణమైతే కాదు.

మద్రాసులో ఆ రోజుల్లో పెద్ద ఆట క్రికెట్. తెల్లవాళ్ల మద్రాస్ క్రికెట్ క్లబ్బు 1846 నాటిది. పారీ కంపెనీ దుబాషీల ఇంటి తెలుగు బిడ్డ బుచ్చిబాబు నాయుడు మన కుర్రాళ్ల కోసం మద్రాస్ యునైటెడ్ క్లబ్బు పెట్టింది డ్యూరాండ్ కప్పు పుట్టిన 1888లోనే. చేపాక్‌లో భారతీయులను వేరుగా కూర్చోబెట్టే పద్ధతి నచ్చక పెట్టాడు. ఊళ్లో డబ్బున్న మనిషి ఆట వైపు చూసినప్పుడు ఆయన చూపు బ్యాటు మీద పడింది. కలకత్తాలో ఆ చూపు బంతి మీద పడింది. కప్పు ఎవరు నడుపుతారన్న దానికి ఇలాంటి ఇంటి మనుషుల ఇష్టాయిష్టాలు కూడా కారణమే. మద్రాసు ఫుట్‌బాల్ సంఘం 1934లో గానీ ఏర్పడలేదు, సిమ్లా కప్పుకు నలభై ఆరేళ్ల తర్వాత. ఇవాళ చెన్నైలో ఫుట్‌బాల్ అంటే ముందు గుర్తొచ్చేది ఉత్తరాన వ్యాసర్‌పాడి. చెన్నైయిన్‌కు ఆడిన ధనపాల్ గణేశ్ ఆ వీధుల్లోంచి వచ్చినవాడే.

డ్యూరాండ్ కప్పు 1940లో సిమ్లా దిగి ఢిల్లీ వచ్చింది. ఆ ఏడాది మొహమ్మడన్ స్పోర్టింగ్ రాయల్ వార్విక్‌షైర్ పటాలాన్ని ఓడించి, దాన్ని గెలిచిన మొదటి భారతీయ జట్టు అయింది. స్వాతంత్ర్యం తర్వాత 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు గెలిచింది. సయ్యద్ అబ్దుల్ రహీం తయారుచేసిన జట్టు అది. రోవర్స్ కప్పును ఐదేళ్లు వరసగా గెలిచిందీ అదే. 1957లో మళ్లీ డ్యూరాండ్ వాళ్లదే. 1961లో ఆంధ్రా పోలీసు పేరుతో ఇంకోసారి. మధ్యలో రెండుసార్లు వెల్లింగ్టన్ నుంచి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్.

ఆ వెల్లింగ్టన్ జట్టులో ఆరడుగులు దాటిన గోల్‌కీపరు ఒకతను ఉండేవాడు. పీటర్ తంగరాజ్. 1935లో హైదరాబాదులో పుట్టాడు. సికింద్రాబాద్‌లో మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులకు ఆడాడు. 1953లో సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంట్‌కు వచ్చాడు. మొదట్లో ఫార్వర్డుగా గోల్స్ కొట్టేవాడు, తర్వాత గోల్స్ ఆపే చోటికి మారాడు. 1955, 1958 డ్యూరాండ్ విజయాలు రెండింటిలోనూ ఉన్నాడు. 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్లలో ఉన్నాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన రోజు గోలులో నిలబడింది అతనే, బయట బెంచీ మీద కోచ్ రహీం.

అసాయే లాంటి పోరాటాలు ఒక భారతీయ సేన మీద ఇంకొకటి చేసినవి కాబట్టి, వాటి గౌరవాలను స్వతంత్ర భారత సైన్యం వేడుకగా జరుపుకోదు. ఏనుగును మాత్రం తీసేయలేదు. హైలాండ్ లైట్ ఇన్‌ఫెంట్రీ తొలిసారి డ్యూరాండ్ కప్పు ఎత్తింది 1889లో. అరవై ఆరేళ్ల తర్వాత అదే పోటీ కప్పును వెల్లింగ్టన్‌కు పట్టుకొచ్చిన జట్టులో సికింద్రాబాద్ మైదానాల్లో బంతి నేర్చిన కుర్రాడు ఉన్నాడు.